8 కాస్తా 0 అయితే...

గుత్తిలో మా మామ శనక్కాయల వ్యాపారం చేసేవాడు. ఆయన జేబు క్యాలిక్యులేటర్ ఏళ్ల తరబడి బీరువాలో మూలపడి ఉంది. మొన్న బ్యాటరీ వేసి 8 నొక్కితే 0 కనిపించింది. మధ్య గీత పడట్లేదు. బస్తాల లెక్కలో 8 సున్నా అయితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

డిప్లొమా, బీటెక్ చివరి ఏడాదిలో ఉన్న మీరు ఇలాంటి వస్తువు ఒక్కటైనా విప్పారా? ఎందుకు అడుగుతున్నానంటే, రెజ్యూమేల్లో కనిపించే ప్రాజెక్టుల్లో కొన్ని డబ్బిచ్చి తెచ్చుకున్నవే. ‘అది పనిచేయకపోతే ముందు ఏం చూస్తావ్?’ అని ఇంటర్వ్యూలో అడిగితే నోరు పెగలదు. ఇంకో సర్టిఫికెట్ కోర్సుకు ఫీజు కట్టేముందు పాత సామాన్ల కొట్టుకెళ్లి, పాడైన క్యాలిక్యులేటర్లు రెండు తెచ్చుకోండి. రెండూ ఒకే మోడల్ అయితే మరీ మంచిది. ఎందుకో చెప్తాను.

ముందు డిస్‌ప్లే ఏ రకమో చూడండి. 1972లో వచ్చిన హెచ్‌పీ-35లో ఎర్రటి ఎల్‌ఈడీ అంకెలుండేవి. అదే ఏడాది వచ్చిన కాసియో మినీలో పచ్చగా వెలిగే ఫ్లోరసెంట్ గొట్టాలు. 1973లో షార్ప్ ఈఎల్-805 ఎల్‌సీడీతో వచ్చింది. మనకు ఇప్పుడు దొరికే పాతవి చాలావరకు ఎల్‌సీడీలే.

మామ క్యాలిక్యులేటర్‌లో గాజు అంచును మెల్లగా నొక్కితే ఆ గీత తిరిగొచ్చింది. అంటే గాజు బాగానే ఉంది, తేడా కనెక్షన్‌లోనే. గాజుకూ బోర్డుకూ మధ్య సన్నటి రబ్బరు పట్టీ ఉంటుంది. దాన్నే జీబ్రా స్ట్రిప్ అంటారు. కరెంటు పారే పొర ఒకటి, పారని పొర ఒకటి వరుసగా ఉంటాయి. పట్టీనీ, బోర్డు మీది ప్యాడ్లనూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, స్క్రూలన్నీ సమానంగా బిగిస్తే 8 మళ్లీ 8 అయింది. డిస్‌ప్లే మార్చే పనే పడలేదు!

నల్లటి మరక పాకుతూ కనిపిస్తే మాత్రం గాజు చిట్లినట్టే, మార్చాల్సిందే. ఏదో ఒక ఎల్‌సీడీ తెచ్చి పెడితే కుదరదు, మోడల్‌ను బట్టి కనెక్షన్ల వరుస మారిపోతుంది. రెండోది కొనమన్నది అందుకే. గాజు బాగుండి పై పొర మాత్రం ఎండకు మాడితే పోలరైజర్ ఫిల్మ్ మార్చొచ్చు. దాన్ని 90 డిగ్రీలు తిప్పి అతికించారో, నల్లటి తెరమీద తెల్ల అంకెలు ప్రత్యక్షం! కొన్నింటిలో రబ్బరు పట్టీకి బదులు వేడితో అతికించిన రిబ్బన్ ఉంటుంది. మొదటిసారే దాని జోలికి పోకండి. నేను పోయాను, ఊడొచ్చింది.

కొత్తది తక్కువకే వస్తుంది కదా అంటారా? వస్తుంది. కానీ అది మీకు ఏ ప్రశ్నా వేయదు. మన గుత్తి లోకో షెడ్‌లో పనిచేసేవాళ్లు తెలిసుంటే అడిగి చూడండి, ఫాల్ట్ ఎక్కడో తేలకుండా పార్టు మారుస్తారేమో. విప్పేముందు ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. ఏ లక్షణం కనిపించింది, దేన్ని అనుమానించారు, ఎలా తేల్చుకున్నారు అన్నది నోట్‌బుక్‌లో ఒక పేజీ రాయండి. పగిలితే అదీ రాయండి. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్ సంచిలో పెట్టుకోండి.