ప్రళయజలాల మీద మర్రియాకు



గడచిన కార్తిక మాసంలో ఒకనాటి సాయంకాలం ఆకాశదీపం ఎత్తి వెనుదిరుగుతూ ఉండగా, ఇంటర్మీడియెట్ చదువుతున్న ఒక అమ్మాయి ధ్వజస్తంభం దగ్గర నన్ను ఆపింది. "తాతగారూ! ఈ లోకం ఇంక ఎంతోకాలం ఉండదటగా? యుద్ధాలూ, రోగాలూ, వరదలూ అన్నీ దానికి గుర్తులేనటగా? మరి ఈ చదువులెందుకు?" అని అడిగింది. అది వేళాకోళానికి అడిగిన ప్రశ్న కాదు. ఆ పిల్ల కళ్ళలో నిద్ర లేని రాత్రులు కనిపించాయి.

నెమ్మదిగా విచారించాను. తోటి విద్యార్థిని ఒకతె, ప్రార్థన కూటంలో విన్న కడవరి దినాల ప్రసంగాన్ని ఈ అమ్మాయికి పూసగుచ్చినట్లు చెప్పిందట. ఇంటికి వస్తే, టీవీలో ఎవరో కాలజ్ఞానం పేరు చెప్పి అదే మాట మరో విధంగా చెబుతున్నారట. అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి, రెండు భయాలు కలిసి ఒక పసిమనస్సు మీద కూర్చున్నాయి. ఇలాంటి పిల్లలు మీ ఇళ్ళలోనూ ఉండవచ్చు. అందుకే ఈ వారం ఈ విషయాన్ని మీ ముందు ఉంచుతున్నాను.

యుగాంత భయం మనకు కొత్తది కాదు. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి ఏర్పడినప్పుడు దేశమంతటా యాగాలు, శాంతులు జరిగాయని మా తండ్రిగారు చెప్పేవారు. నేను వేదాధ్యయనం చేస్తున్న రోజుల్లో, 1979 జూలైలో, అమెరికావారి స్కైలాబ్ నెత్తిన పడుతుందని ఊళ్ళకు ఊళ్ళు వణికిపోయాయి. రేపు ఉంటామో ఉండమో అని కోళ్ళనూ మేకలనూ కోసుకు తిన్నవారున్నారు. చివరికి దాని శకలాలు హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడ్డాయి. 2012 డిసెంబరు 21న ప్రపంచం అంతమైపోతుందన్నారు. ఆ మరునాడు కూడా సుప్రభాత సేవకు యథాప్రకారం గుడి తలుపులు తీశాను.

ఆ అమ్మాయికి నేను మొదట చెప్పిన సమాధానం మన సంకల్పంలోనే ఉంది. నిత్యం పూజకు కూర్చున్నప్పుడు మనం కాలాన్నీ దేశాన్నీ చెప్పుకుంటాం. శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం, అందులో ప్రథమ పాదం అంటాం. కలియుగ ప్రమాణం 4,32,000 సంవత్సరాలు. ఒక పాదం 1,08,000 సంవత్సరాలు. గడచినవి ఐదువేల నూరు దాటి కొద్దిగా మాత్రమే. ఉదయం పూజలో ప్రథమ పాదమని పలికి, మధ్యాహ్నం టీవీ ముందు కూర్చుని రేపే ప్రళయమని బెంబేలు పడితే, మన నోటి మాటను మనమే నమ్మడం లేదన్నమాట. అంత మహాకాలాన్ని చెప్పిన తరువాత సంకల్పం ఎక్కడికి వస్తుంది? గోదావరికి ఏ దిక్కున ఉన్నామో, ఏ ఇంట కూర్చున్నామో అక్కడికి వస్తుంది. కల్పాల లెక్క తెలిసినవాడు కూడా ఈ పూట, ఈ ఇంట చేయవలసిన పనికే నీళ్ళు వదలాలి.

లెక్క విని ఆ అమ్మాయి తల ఊపిందే గాని, ముఖం తేటపడలేదు. భయం లెక్కతో పోయేది కాదు. పైగా ఆ భయంలో సగం మన ఇంటిది కాదు. పొరుగువారి గ్రంథం పేరు మీద వచ్చినది. అందులో నిజంగా ఏముందో తెలియకుండా నేను కొట్టివేయడం న్యాయం కాదనిపించింది. అందుచేత మరునాడు మాస్టారి ఇంటికి వెళ్ళాను.

మాస్టారంటే మా ఊరి కాలువకు ఆవలి గట్టున ఉండే విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు. ఆదివారాలు చర్చిలో వాక్యం చెబుతారు. మా పరిచయం 1996 నవంబరు 6 నాటిది. కోనసీమవారికి ఆ రాత్రి గురించి నేను చెప్పనక్కరలేదు. వెయ్యిమందికి పైగా జనం పోయారు. కొబ్బరిచెట్లు లక్షలాదిగా కూలిపోయాయి. మా పెంకుటిల్లు ఎగిరిపోయి, గుడికి వెళ్ళే దారి నీట మునిగితే, ఆ దాపున శ్లాబు ఉన్న కట్టడం చర్చి ఒక్కటే అయింది. మడి తప్పని మా తండ్రిగారు ఆ రాత్రి చర్చి గోడకు ఆనుకుని తెల్లవార్లూ నృసింహ నామం జపించారు. పక్కనే వారు తమ ప్రార్థన చేసుకున్నారు. ఎవరూ ఎవరినీ ఆపలేదు. తెల్లవారాక ఇత్తడి గ్లాసులో మా తండ్రిగారికి మంచినీళ్ళు అందించినవారు ఈ మాస్టారే.

"పంతులుగారూ! మావాళ్ళు కొందరు ఆ గ్రంథాన్ని సగమే చదివి ఆపేస్తారండి. భయపెట్టే సగం," అన్నారాయన నవ్వుతూ. తరువాత నిదానంగా వివరించారు.

బైబిలులో చివరిదైన ప్రకటన గ్రంథం రోమను పాలనలో హింసలకు లోనైన ఆసియా మైనరు సంఘాల కోసం, పత్మోసు ద్వీపంలో ఉన్న యోహాను రాసినది. గ్రీకు భాషలో దాని పేరు అపోకలిప్సిస్. ఆ మాటకు వినాశమని అర్థం కాదు, తెర తొలగించడమని అర్థం. కష్టంలో ఉన్నవారికి తెర ఎత్తి, చివర ఏముందో చూపి ధైర్యం చెప్పడం దాని ఉద్దేశం. అందులో మృగాలు, తెగుళ్ళు, యుద్ధాలు ఉన్న మాట నిజమే. కాని గ్రంథం అక్కడ ముగియదు. కొత్త ఆకాశం, కొత్త భూమి కనిపిస్తాయి. మనుషులు భూమిని విడిచి పారిపోవడం కాక, దేవుడే వారి మధ్య నివసించడానికి దిగివస్తాడు. వారి కన్నీళ్ళు తానే తుడుస్తాడు. ఆ నగరం నడుమ ఒక నది పారుతుంది. దాని గట్టున నెలనెలా కాసే చెట్టు ఉంటుంది. ఆ చెట్టు ఆకులు సమస్త జనాలకూ ఔషధం.

"ఇంకొక మాట ఉందండి. ఆ కొత్త లోకంలో సముద్రం ఉండదట. చిన్నప్పటి నుంచి చదువుతున్నా నాకది అర్థం కాలేదు. తొంభై ఆరు తరువాత అర్థమైంది," అన్నారు. ప్రాచీన యూదులకు సముద్రం అల్లకల్లోలానికి, మృత్యువుకు చిహ్నమట. నది మిగిలి, ఉప్పెన లేని లోకం! అంతర్వేదికి అంతదూరంలో, వసిష్ఠ సాగరంలో కలిసే తీరాన పుట్టిన నాకు ఆ మాట వేరే వ్యాఖ్యానం లేకుండానే బోధపడింది.

ఆ దినమూ ఆ గడియా ఎవరికీ తెలియవని ఏసుక్రీస్తే చెప్పినట్లు వారి సువార్తలలో ఉంది. తేదీలు పెట్టేవారు తమ గురువు మాటనే కాదంటున్నారన్నమాట. 1844 అక్టోబరు 22న క్రీస్తు వస్తాడని అమెరికాలో విలియం మిల్లరు అనుయాయులు ఎదురుచూసి భంగపడ్డారు. ఆ రోజు చరిత్రలో మహా నిరాశ అనే పేరుతోనే మిగిలింది. దీనికి భిన్నంగా, యూర్గెన్ మోల్ట్‌మన్ అనే జర్మను పండితుని గురించి మాస్టారు చెప్పారు. 1943లో హాంబర్గు నగరం మీద బాంబులు కురిసినప్పుడు ఆయనకు పదిహేడేళ్ళు. పక్కనున్న మిత్రుడు చనిపోయాడు, తాను బతికాడు. యుద్ధఖైదీగా 1948 దాకా గడిపి వచ్చి, 1964లో ఆశను గురించిన వేదాంత గ్రంథం వెలువరించారు. యుగాంత చింతన క్రైస్తవానికి చివర తగిలించిన అధ్యాయం కాదని, అది మొదటి నుంచి చివరి దాకా ఆశయేనని, ఆ ఆశ ఉన్నవాడు నేటి అన్యాయంతో రాజీపడలేడని ఆయన వాదం. 2024లో పరమపదించారు. అగ్నివర్షం చూసినవాడు ఆశను గురించి రాశాడంటే, ఆ మాటకు విలువ ఉంటుంది.

ఇది పరదేశపు కథ మాత్రమే కాదు. మన గోదావరి మండలంలోనే దీనికి నిదర్శనం ఉంది. 1836లో ఇంగ్లండు నుంచి తరలివచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో గోదావరి డెల్టా మిషనుకు పునాది వేశాయి. వారు బ్రెదరెన్ శాఖవారు. ప్రభువు ఏ క్షణాన్నైనా తిరిగి రావచ్చునని గట్టిగా నమ్మే శాఖ అది. రేపే వస్తాడనుకునేవారు బడి కట్టనక్కరలేదు కదా! కాని వారి సంప్రదాయం బడులు పెట్టింది. నరసాపురంలో కుష్ఠరోగులకు ఆసుపత్రి నడిపింది. వారి మతప్రచారంతో నాకు ఏకీభావం లేదు. ఆ మాట దాచను. కాని ఎదురుచూపు చేతులు ముడుచుకోవడం కాదని వారి పని చెబుతున్నది.

సర్ ఆర్థర్ కాటన్ దొర సంగతి మీకు తెలియనిది కాదు. 1832-33లో నందన నామ సంవత్సర కరవు వచ్చింది. 1839లో ఉప్పెన కోరంగి రేవును ముంచింది. ఆనాటి డెల్టావారికి యుగాంతం వచ్చినట్లే ఉండి ఉంటుంది. కాటన్ కూడా దైవభక్తిగల క్రైస్తవుడే. ఆయన ఆ విపత్తులను చూసి కడవరి గుర్తులని లెక్కపెడుతూ కూర్చోలేదు. 1847లో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట మొదలుపెట్టి 1852కు పూర్తిచేశారు. నేటికీ సుమారు పది లక్షల ఎకరాలు ఆ నీటితో పండుతున్నాయి. గోదావరి స్నానవేళ ఆయనను భగీరథునిగా స్మరించే శ్లోకం మన పండితుల నోట నిలిచిందంటే, అది మన సంస్కారం.

అన్ని మతాలూ ఒకటే అని చేతులు దులుపుకోవడం నా ఉద్దేశం కాదు. అది వారికీ మర్యాద కాదు, మనకూ కాదు. వారికి కాలం ఒక చోట మొదలై ఒక చోట ముగిసే బాట. మనకు అది తిరిగే చక్రం. వారు దేహంతో కూడిన పునరుత్థానాన్ని నమ్ముతారు. మనం నాశనం లేని ఆత్మను నమ్ముతాం. వారికి ఒక్క తుది తీర్పు. మనకు కర్మఫలం, జన్మపరంపర, ఆపై మోక్షం. ఎవరి దారి వారిది. కాని పొరుగువాని దారి చివర వెలుగు ఉందని వాడే చెబుతూ ఉంటే, కాదు చీకటే అని మనం చెప్పడం అసత్యమవుతుంది.

మరి మన ఇంట ఏముంది? పురాణాలు ప్రళయాన్ని నిత్యం, నైమిత్తికం, ప్రాకృతం, ఆత్యంతికం అని నాలుగు విధాలుగా చెప్పాయి. వాటిలో ఆత్యంతికమంటే మోక్షమే. ప్రళయమనే మాటలోనే మన పెద్దలు విముక్తిని ఇమిడ్చారు! మత్స్యావతార కథలో నావ ఎక్కినది సత్యవ్రతుడు ఒక్కడే కాదు. సప్తర్షులు ఎక్కారు, సమస్త బీజాలు ఎక్కాయి. మునిగిపోయే లోకంలో విత్తనాలు మూటగట్టుకోమని భగవంతుడు చెప్పాడంటే, తరువాత విత్తే పొలం ఉందనే కదా! మార్కండేయుడు ఏకార్ణవంలో కొట్టుకుపోతూ చూసినది ఏమిటి? మర్రియాకు మీద పడుకుని కాలి బొటనవేలు చీకుతున్న పసిబిడ్డను. సర్వనాశనం నడిబొడ్డున మన ఋషులు చూసినది ఒక శిశువును. ఆ వటపత్రశాయి పేరుతోనే తెలుగు తల్లులు ఉయ్యాల ఊపుతున్నారు. విష్ణుపురాణంలో వ్యాసమహర్షి నదిలో స్నానమాడుతూ, మునిగి లేచి కలియుగాన్ని మెచ్చుకుంటాడు. అల్ప ప్రయత్నంతో అధిక ఫలం దక్కే యుగం ఇదేనని ఆయన భావం. కలిని తిట్టేవారు ఆ ఘట్టాన్ని కూడా చదవాలి.

తిట్టినవారిలో నేనూ ఒకడిని. తుఫాను వెళ్ళిన వారానికి, బిడ్డను పోగొట్టుకున్న ఒక కూలీ గుడి మెట్ల దగ్గర నిలబడి, "అయ్యగారూ, మాకే ఎందుకిలాగ?" అని అడిగాడు. "కలి ప్రభావం నాయనా," అని లోపలికి వెళ్ళిపోయాను. శాస్త్రం తప్పు చెప్పలేదు, కాని శాస్త్రాన్ని తలుపులా వేసుకున్నాను. మరునాడు మాస్టారు తాటాకులు మోసుకొచ్చి అతని పాక కప్పుతూ కనిపించారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మౌనం నాకు ఇన్నేళ్ళుగా వినబడుతూనే ఉంది. లోకం ఎలా ముగుస్తుందో నేను చెప్పాను. లోకం ముగిసిపోయినట్లున్నవాడికి నీడ ఆయన ఇచ్చారు.

కనుక ప్రవచనకారులకు, తల్లిదండ్రులకు నా మనవి. యుగధర్మాలు చెప్పండి, కాని పిల్లలను లొంగదీసుకోవడానికి చెప్పకండి. భయంతో వచ్చిన భక్తి భయం తీరగానే వెళ్ళిపోతుంది. ప్రళయం కథ చెబితే మర్రియాకు దాకా చెప్పి ఆపండి. పొరుగింటి పిల్ల భయపడినా అదే ప్రేమతో, నీ గ్రంథం చివరి పుటలు కూడా చదువమ్మా అని చెప్పండి.

ఆ అమ్మాయి మళ్ళీ గుడికి వచ్చింది. తుఫాను మరుసటి ఏడు మా తండ్రిగారు నాటిన కొబ్బరిచెట్టును చూపించాను. కొబ్బరి కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఆయనకప్పుడు డెబ్బై దాటాయి. కాయ తినకుండానే వెళ్ళిపోయారు. ఆ చెట్టు కాయలే నేటికీ స్వామికి కొడుతున్నాం. "నీ చదువూ అలాంటిదే తల్లీ. ఎవరో తినే కాయ," అన్నాను. "అయితే 2027 పుష్కరాలకు నేను డిగ్రీలో ఉంటాను తాతగారూ," అని లెక్క చెప్పింది. పన్నెండేళ్ళకోసారి తప్పక తిరిగివచ్చే పుష్కరుణ్ణి నమ్ముకున్న ఒడ్డు మనది. ఆ లెక్క నా లెక్క కన్నా మేలైనది.

శుభం భూయాత్.