పదమూడవ మండలము

ఒక ఫ్రెంచి కథను ఆంగ్లమునుండి తెలిగించుచున్న విద్యార్థి యొకడు మొన్న నాయొద్దకు వచ్చి, పారిస్ నగర విభాగములకు ఫ్రెంచివారు వాడు 'అరోందిస్మాఁ' అను మాటను తెలుగులో ఏమనవలెనని అడిగినాడు. వార్డు అనవచ్చునా, పేట అనవచ్చునా అని అతని సందేహము. రెండును సరిపడవు. వార్డు మనకు ఒక సభ్యుని ఎన్నుకొను చిన్న భాగము మాత్రమే. పేట జనుల నోట పుట్టిన పేరు. దానికి సరిహద్దు రాయి ఉండదు. ఆ ఫ్రెంచి మాటలో గుండ్రన చేయుట అను అర్థమున్నది. మన 'మండలము'నకును మొదటి అర్థము వలయమే. 1985లో ఆంధ్రప్రదేశమున మండలములు ఏర్పడిన నాటినుండి అది పరిపాలనలో నాటుకొన్న మాట కూడ. మండలము అని వ్రాయుమన్నాను.

"అయితే మాస్టారూ, అక్కడి మండలానికి అధికారాలేమిటండీ?" అని వెంటనే రెండవ ప్రశ్న వేసినాడు. ఇది మొదటి ప్రశ్న వలె నిఘంటువుతో తీరునది కాదు.

1789 విప్లవము పారిస్‌కు మేయరును ఇచ్చినది. తొలి మేయరు బయీ ఖగోళ శాస్త్రజ్ఞుడు. నాలుగేండ్లు దాటిన పిదప 1793లో గిలెటిన్ పాలైనాడు. 1794లో రోబెస్పియర్‌తో పాటు నగర పాలక వర్గమును కూలిపోయినది. రాజధానిలోని పురమందిరము ఎవని చేత చిక్కునో వాడు దేశమునే కదలింపగలడని పాలకులకు అప్పుడు తెలిసివచ్చినది. మేయరు పదవి పోయినది. 1795లో నగరమును 12 మండలములుగ కోసినారు. 1800లో నెపోలియన్ ఇద్దరు ప్రిఫెక్టులను నియమించినాడు. ప్రిఫెక్టు అనగా మన కలెక్టరు వంటివాడనుకొనవచ్చును. ఒకడు పాలన చూచుటకు, ఒకడు పోలీసు వ్యవహారము చూచుటకు. మండలమునకొక మేయరు ఉండెడివాడు గాని అతడు ప్రభుత్వము నియమించినవాడు. జనన మరణములను, వివాహములను నమోదు చేయుటయే అతని ముఖ్యమైన పని.

1860లో చుట్టునున్న మోంమార్త్ర్, బెల్‌విల్, పాసీ మున్నగు గ్రామములను కలుపుకొని నగరము పెరిగినది. మండలములు 20 అయినవి. ఇక్కడనే ఒక వేడుక జరిగినది. అంతకు పూర్వము మండలములు పండ్రెండే కనుక, పెండ్లి లేక కాపురము చేయువారిని గూర్చి 'వారు పదమూడవ మండలమున పెండ్లాడినారు' అని పారిస్ జనులు పరిహసించెడివారు. కొత్త అంకెలు వేయుటలో ఆ పదమూడు సంపన్నులుండు పాసీకి పడబోయినది. వారు అది తమకు తగదన్నారు. అంతట పాసీ మేయరు పొస్సో ఒక ఉపాయము చెప్పినాడందురు: నడుమనున్న లూవ్ర్ ప్రాంతమున ఒకటితో ఆరంభించి, నత్తగుల్ల వలె తిరుగుచు అంకెలు వేసికొనిపోవుట. పాసీకి 16 వచ్చినది. నేటికిని పారిస్ పటము చూచువారు ఆ నత్తగుల్లనే చూచుచున్నారు.

పదమూడు ఎవరికో ఒకరికి రాక తప్పదు గదా. అది తూర్పు దక్షిణమున, గోబెలిన్ చుట్టుప్రక్కల తోళ్లు శుద్ధిచేయువారు, కూలివారు ఉండు భాగమునకు వచ్చినది. వారిని ఎవరడిగినారు? ఈ కథను మనము నవ్వుకొనుటకు చెప్పుకొందుము. నాకు మాత్రము నగర విభజన రహస్యమంతయు ఇందులోనే ఉన్నట్లు తోచును. పటము మీద గీత గీయునప్పుడు ప్రక్కన నిలిచి మాటాడగలవాని మాటయే చెల్లును.

1871లో పారిస్ జనులు తమ నగరమును తామే ఏలుకొనజూచి 72 దినములు కమ్యూన్ నడపినారు. సైన్యము వేలమందిని చంపి దానిని అణచినది. పిదప నూరేండ్లకు పైగా ఆ నగరమునకు మేయరు లేడు. కొలది గడపలున్న ఫ్రెంచి పల్లెకు సైతము ఎన్నికైన మేయరుండగా, రాజధానికి లేకపోయెను. ఎన్నికైన నగరసభ ఉండెడిది గాని తాళపుచెవులు ప్రిఫెక్టు మొలనుండెడివి. 1975 నాటి చట్టము వలన 1977లో జాక్ షిరాక్ మేయరైనాడు. 18 ఏండ్లు ఆ పీఠమున కూర్చుండి, 1995లో దేశాధ్యక్షుడైనాడు. పాత పాలకుల భయము ఒట్టిది కాదేమో!

మండలములకు ఎన్నికైన సభలు వచ్చినది 1983లో. శిశుసంరక్షణశాలలు, చిన్న తోటలు వంటివి వాని ఆలన పాలనలో ఉన్నవి. తక్కినవానిని గూర్చి అభిప్రాయము చెప్పవచ్చును. పన్ను వేయు హక్కు లేదు. 2020లో మొదటి నాలుగు మండలములను పాలనకొరకు ఒకటిగ చేసినారు గాని తపాలా అంకెలు మారలేదు. మండలములవారీగ వేసిన ఓటే నగరసభను కూడ నిర్ణయించు పద్ధతిని 2025లో మార్చి, నగరసభకు వేరుగ, మండలసభకు వేరుగ ఓటు వేయునట్లు చట్టము చేసినారు. ఇది మేలే. శాంతిభద్రతలు మాత్రము నేటికిని ప్రధానముగ 1800 నాటి ఆ పోలీసు ప్రిఫెక్టు చేతిలోనివే. మన ఢిల్లీలోను పోలీసు, భూమి ఎన్నికైన ప్రభుత్వము చేతిలో లేవు. అక్కడి నగరపాలక సంస్థను 2012లో మూడు చేసి, 2022లో మరల ఒకటి చేసినారు. ఆ రెండు నిర్ణయములును నగరవాసి ఓటు అడిగి చేసినవి కావు.

ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపమొకటి. పారిస్‌కు 20 మండలములని పిల్లలచేత వల్లెవేయించుట సులువు. ఆ మండలపు మేయరును ఎవరు నియమించెడివారు, డబ్బు ఎవరి చేతినుండి వచ్చును, పోలీసును ఎవరు పిలువగలరు అని కూడ అడిగించుడు. పౌరశాస్త్రపు గంట అప్పుడు నిద్ర తెప్పించదు.

నా విద్యార్థి తన కథ ముగించినాడు. పదమూడవ మండలము అనుచోట అథోజ్ఞాపిక పెట్టి ఆ పాత పరిహాసమును వివరించవలెనా అని అడిగినాడు. వివరింపుమన్నాను, నేడు ఇటలీ కూడలి యెదుటనున్న ఆ మండల మందిరములో పెండ్లిండ్లు నిక్షేపముగ జరుగుచున్నవని కూడ చేర్చుమన్నాను.