చెరిపిన చోట ఏముంది?

క్రిస్మస్ నాడు మెదక్ చర్చి ముందు ఫొటో దిగితే వెనకాల జనం పడకుండా ఉండరు. ఇప్పుడు ఫోన్‌లో వాళ్ల చుట్టూ వేలితో గీస్తే చాలు, మాయమవుతారు. వాళ్ల వెనకున్న గోడను మాత్రం కెమెరా చూడనే లేదు. 1924లో ప్రారంభమైన ఆ కట్టడానికి ఏఐ తన అంచనాతో కొత్త రాళ్లు పేరుస్తుంది. స్టూడియోల్లో టచప్ ఎప్పట్నుంచో ఉందిగా అంటారు. నిజమే, పెళ్లి ఆల్బమ్‌లో మొటిమ చెరిపితే ఎవరికీ నష్టం లేదు. ఆ ఫొటోను ఎవరూ సాక్ష్యంగా చూపరు.

చిక్కంతా సాక్ష్యంగా తిరిగే ఫొటోలతోనే. 2025లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టింది నిజం, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపించిందీ నిజం. కానీ బుల్డోజర్ల ముందు జింకలు, నెమళ్లున్న ఏఐ బొమ్మలు సోషల్ మీడియాకెక్కేసరికి చర్చ చెట్ల మీంచి బొమ్మల మీదికి మళ్లింది, పోలీసు కేసుల దాకా వెళ్లింది. ఉత్తుత్తి బొమ్మ అసలు ఫొటోను కూడా అనుమానంలోకి నెట్టింది. ఏఐ అని ముద్ర వేసినా కత్తిరించేస్తారు, ఏం లాభం అనేవాళ్లున్నారు. కత్తిరించేవాడు ఎలాగూ కత్తిరిస్తాడు. దురుద్దేశం లేకుండా ఫార్వర్డ్ చేసేవాళ్లే ఎక్కువ, వాళ్ల చేతికొచ్చే ఫొటోకైనా ఆ గుర్తు ఉండాలి. పంట నష్టానికో, రోడ్డు గుంతకో ఫిర్యాదు తీసుకునే ఆఫీసులైతే ఎడిట్ చేయని అసలు ఫైలే అడగాలి.