మందు చీటీతో పాటు పరీక్ష మడి కావాలి

వరి ఆకు ముడుచుకుని తెల్లచార కనబడగానే రైతు మందుల దుకాణానికి పరుగెడతాడు. అక్కడ చేతికిచ్చిన డబ్బా తెచ్చి కొడతాడు. కొందరు ఎవరినీ అడక్కుండా రెండు మూడు మందులు తోచినట్టు కలిపేస్తారు. పంట నిలిచినా పోయినా కారణమేమిటో ఎవరికీ తెలియదు. ఈ చిక్కుకు, రైతులు పొలంలోనే చూసి నేర్చుకునే పొలంబడి ఒక దారి చూపింది.

అది మొదలైంది ఇండోనేషియాలో. అక్కడ సుడిదోమ వరిని తుడిచిపెడుతుంటే, మందు కొట్టిన కొద్దీ ఉద్ధృతి పెరిగింది. దోమను తినే సాలీళ్లు మందుకు చచ్చేవి, ఆకు తొడుగులో దాగిన దోమ గుడ్లు బతికేవి. శాస్త్రవేత్తలు ఈ గుట్టు విప్పాక, 1986లో అక్కడి ప్రభుత్వం వరిపై 57 పురుగుమందులను నిషేధించింది. రైతుకు కంటితో చూస్తేనే గురి కుదురుతుందని 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో పొలంబడులు పెట్టింది.

పొలంబడిలో పాతికమంది దాకా రైతులు పంటకాలమంతా వారానికోసారి గట్టు మీద చేరతారు. దుబ్బులు విప్పి పురుగులు లెక్కపెడతారు, మందు అవసరమా కాదా తామే తేల్చుకుంటారు. పిలక దశలో కొంత మడిలో ఆకులు కావాలనే కత్తిరిస్తారు. మొక్క తేరుకుని, కోతనాటికి దిగుబడి పెద్దగా తగ్గకపోవడం చూసిన రైతుకు ఆకుముడత భయం సగం తీరుతుంది.

కత్తిరించింది రైతే. ఎంత కత్తిరించాలో, పక్కన ఒక మడిని ముట్టుకోకుండా ఎందుకు వదలాలో నేర్పింది మాత్రం నిపుణుడు.

వరి వంగడాల విషయమూ అంతే. సాంబమసూరిని బాపట్ల, స్వర్ణను మారుటేరు పరిశోధన కేంద్రాలు అందించాయి. ఏళ్ల తరబడి సాగే అలాంటి పని ఒంటరి రైతుకు సాధ్యం కాదు. అయితే ఒక వంగడం ఫలానా రైతు చౌడు నేలలో, కాలువ చివరి నీటితో ఎలా పండుతుందో ఏ కేంద్రమూ ముందే చెప్పలేదు. ఆ రైతే కొద్ది సెంట్లలోనో, ఒక గుంటలోనో వేసి చూసుకోవాలి.

పొలంబడి తెలుగు రాష్ట్రాలకు కొత్త కాదు. దాన్ని ఉపన్యాసాలకు, కరపత్రాలకు కుదిస్తే పేరే మిగులుతుంది. ప్రతి ఊళ్లో రైతులే నడిపే ఒక పరీక్ష మడి ఉండాలి, వ్యవసాయాధికారి వారం వారం అందులో దిగాలి. కౌలు కట్టి, అప్పుతో సాగుచేసే రైతుకు కొద్దిపాటి నష్టమూ బరువే. అందుకే పరీక్ష మడిలో పోయిన పంటకు పరిహారం ప్రభుత్వమే ఇవ్వాలి.