దమ్ము కొడితే దమ్ము పోతుంది

'దమ్ము' అనే మాటను మనం రెండు అర్థాల్లో వాడుతుంటాం. ఒకటి సిగరెట్ పొగ పీల్చడం, రెండోది ఊపిరి, సత్తువ. మొదటి దమ్ము రెండో దమ్మును తినేస్తుందని మా అభిప్రాయం.

అబిడ్స్, నాంపల్లి వీధుల్లో పాన్ డబ్బాలకు, ఇరానీ చాయ్ హోటళ్లకు కొదవ లేదు. ప్యాకెట్ కొనే స్తోమత లేకపోయినా సిగరెట్ విడిగా దొరుకుతుంది. "ఒక్కటే కదా, ఈ వయసులో ఏమవుతుంది?" అని మనలో కొందరంటారు. క్యాన్సర్ ముసలితనంలో వచ్చే సంగతని వారి ధైర్యం. కానీ నష్టం ఈ వయసులోనే మొదలవుతుంది.

పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఆ మేరకు కండరాలకు ఆక్సిజన్ అందదు. పొగ తగిలి శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. నికోటిన్ గుండె వేగాన్ని పెంచుతుంది. కూర్చున్నప్పుడు ఇవేవీ తెలియవు, పరుగెత్తినప్పుడే బయటపడతాయి. పరుగు పందేలకు శిక్షణ పొందిన యువతలో సైతం పొగతాగడం సత్తువను తగ్గిస్తుందని 1994లోనే అమెరికా సర్జన్ జనరల్ నివేదిక చెప్పింది.

ఇది మనకెందుకంటారా? మనలో చాలామంది పోలీసు ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్నవాళ్లమే. తెలంగాణలో 2022 నియామకాల్లో పురుష అభ్యర్థులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాల్సి వచ్చింది. అక్కడ కొద్ది సెకన్లు వెనకబడితే రాత్రులు మేల్కొని చదివిన చదువంతా బూడిదలో పోసిన పన్నీరే. మనకు భూముల్లేవు, సిఫారసుల్లేవు. కూలి చేసి పెంచిన అమ్మానాన్నలు మనకిచ్చిన ఆస్తి ఈ ఒళ్లే.

సిగరెట్ తాగితే టెన్షన్ తగ్గుతుందని కొందరి వాదన. అలవాటు పడ్డాక నికోటిన్ అందకపోతే పుట్టే చిరాకును మళ్లీ నికోటినే చల్లారుస్తుంది. అంటే నిప్పు పెట్టేదీ అదే, ఆర్పేదీ అదే!

విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. చట్టాన్ని అమలు చేయమని అధికారులను అడుగుదాం. అంతకుముందు మన హాస్టల్‌లో మనమే ఒక కట్టుబాటు చేసుకుందాం. సీనియర్ అన్నలు తమ్ముళ్లతో సిగరెట్లు తెప్పించకూడదు. మానేయాలనుకునే వారిని ఎగతాళి చేయకుండా తోడు నిలవాలి. మానేసిన ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ తగ్గిపోతుంది, కొన్ని వారాల్లో ఊపిరి తేలికవుతుంది.

రండి, తెల్లవారుజామున పబ్లిక్ గార్డెన్స్‌కు కలిసి పరుగు తీద్దాం. మన దమ్మేమిటో మైదానంలో చూపిద్దాం!