ట్యాంకు ఉంది... పెట్రోలేదీ?

ఖైరతాబాద్ గణపతి పని మొదలైతే ముందు లేచేది ఇనుప చట్రం. దానిమీద గడ్డి, మట్టి... ఆపైన శిల్పి చేతివాటం. 1954లో ఒక్క అడుగుతో మొదలైన ఈ వినాయకుడు 2022లో 50 అడుగుల మట్టి విగ్రహంగా కొలువుదీరాడు.

మోటార్‌సైకిల్ పుట్టుకా ఇలాంటిదే అంటే నమ్ముతారా? కంప్యూటర్లు ఎన్నొచ్చినా పెద్ద కంపెనీలు కొత్త బండిని చట్రంమీద మట్టితో అసలు సైజులో మలిచి చూస్తుంటాయి. కాకపోతే అది చెరువుమట్టి కాదు, మైనం కలిపిన ప్రత్యేకమైన మట్టి.

పెట్రోలు బండిలో శిల్పికి హద్దులెక్కువ. ఇంజిను, సైలెన్సరు, ట్యాంకు... దేని చోటు దానిదే. కరెంటు బండిలో అవేవీ ఉండవు. బ్యాటరీ, కంట్రోలరు, మోటారు- అంతే. మోటారును చక్రంలోనే దాచేయొచ్చు కూడా! ఇంత జాగా దొరికినా మన కంపెనీలు పాతరూపాన్నే పట్టుకున్నాయి. ఐఐటీ హైదరాబాద్‌లో పురుడు పోసుకున్న ప్యూర్ ఈవీ 2022లో తెచ్చిన ఈట్రిస్ట్ 350నే చూడండి, ట్యాంకు ఆకారం అలాగే ఉంది. కొనేవాళ్ల కంటికి అలవాటైనదే అమ్ముడవుతుందన్న లెక్క కావచ్చు. తప్పనలేం. కానీ చప్పగా ఉందనడానికి మొహమాటమెందుకు?

అమెరికాలో జీరో మోటార్‌సైకిల్స్ 2020లో తన ఎస్‌ఆర్/ఎస్‌ను మైఖేల్ వూలవే అనే బండ్ల రూపశిల్పి చేతిలో పెట్టింది. ఆయన దానికి కార్బన్ ఫైబర్‌తో కొత్త ఒళ్లు తొడిగాడు.

మనకూ అలాంటి చెయ్యి లేకపోలేదు. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో బూటు, హ్యాండ్‌బ్యాగు, బర్గరు ఆకారాల్లో బండ్లున్నాయి. అన్నీ కదిలేవే! చేసింది కన్యబోయిన సుధాకర్. 2005లో 41 అడుగులకు పైగా ఎత్తున్న మూడుచక్రాల సైకిల్‌తో గిన్నిస్‌కెక్కిన మనిషి. బూటులో ఇంజిను, దాని పొగగొట్టం ఇమడ్చడం ఎంత తంటానో ఆయన్నే అడగాలి. బ్యాటరీ అయితే ఆ బెడద కొంత తగ్గుతుంది. అలాగని పూర్తిగా తీరదు. బ్యాటరీకి వేడి పోయే దారి ఉండాలి, బరువు కిందికి ఉండాలి, హ్యాండిల్ పూర్తిగా తిరగాలి, మెకానిక్ విప్పడానికి వీలుండాలి.

అసలు చిక్కు మరోటుంది. కొన్న బండిని సొంతంగా శిల్పంలా మార్చి రోడ్డెక్కిస్తామంటే ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసు ఒప్పుకోదు. తయారీదారు ఇచ్చిన మౌలిక వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. రంగు, చిన్నాచితకా మార్పులైతే వేరే సంగతి. కంపెనీయే కొత్త రూపంతో మోడల్ తెచ్చి, పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థల పరీక్ష నెగ్గితే అడ్డేముంది? కాబట్టి శిల్పి వెళ్లాల్సింది మెకానిక్ షెడ్డుకు కాదు, ఫ్యాక్టరీకి. అదీ మట్టిముద్ద చట్రమెక్కకముందే.

శిల్పం నేర్పే ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ఖైరతాబాద్‌కు కూతవేటు దూరంలో, మాసబ్‌ట్యాంక్‌లోనే ఉంది.