బిరుదు ప్రమాణమగునా?

విద్యార్థుల వ్యాసములలోను, పరిశోధన గ్రంథముల చివరను గల ఉపయుక్త గ్రంథ పట్టికలలో నొక విచిత్రము కానవచ్చుచున్నది. కొన్ని పేర్లకు ముందు 'డాక్టర్', 'ప్రొఫెసర్', 'కవిసమ్రాట్', 'కళాప్రపూర్ణ' మొదలగునవి బారులు తీరియుండును. కొన్ని పేర్లు బోసిగా నుండును. గ్రంథముల గుణమునకును ఈ భేదమునకును సంబంధము లేదు. పట్టిక వ్రాసినవారికి ఎవరి బిరుదులు తెలియునో, ఎవరియెడ భయభక్తులు మెండో వారికే ఆ అలంకారము దక్కుచున్నది.

పెద్దలను గౌరవించుట మన సంప్రదాయమే. కాని గ్రంథ పట్టిక సన్మానపత్రము కాదు. చదువరి ఆ గ్రంథమును వెదకికొని, చెప్పిన మాట నిజమగునో కాదో పరీక్షించుకొనుటకు అది దారి చూపవలెను. అందులకు రచయిత పేరు, గ్రంథనామము, ప్రకాశకులు, ప్రచురణ సంవత్సరము, అవసరమైనచో పుటసంఖ్య చాలును. నేడు విశ్వవిద్యాలయములలో వ్యాప్తినందిన ఎ.పి.ఎ., ఎం.ఎల్.ఎ. పద్ధతులు రెండును పట్టికలో పదవులను, పట్టములను విడిచిపెట్టుమనియే చెప్పుచున్నవి. అకారాదిక్రమమునకును ఇదియే మేలు. లేనిచో సగముమంది రచయితలు 'డ'కారము క్రిందనే గుమిగూడుదురు.

శ్రీనివాస రామానుజన్ ఎఫ్.ఏ. పరీక్షలో ఉత్తీర్ణులు కాలేదు. 1911లో భారత గణితశాస్త్ర సంఘ పత్రికయందు వారి తొలి వ్యాసము వెలువడునాటికి వారికి ఏ పట్టమును లేదు. 1918లో వారు రాయల్ సొసైటీ సభ్యులైరి. ఆ గౌరవము లభించినంతమాత్రమున 1911 నాటి వ్యాసములో ఒక్క అంకెయు మారలేదు. పట్టమును బట్టియే ప్రమాణము నిర్ణయించువారు ఆనాడు ఆ వ్యాసమును తెరచియైనను చూచియుందురా?

అయితే పేరులో భాగమైన మాటను బిరుదమని భ్రమించి కత్తిరింపరాదు. 'ఆచార్య ఆత్రేయ' యనునది కిళాంబి నరసింహాచార్యుల కలము పేరు. అందలి 'ఆచార్య' ఉద్యోగనామము కాదు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి పేరిట 'శాస్త్రి' నిలువవలసినదే. 'శతావధాని' మాత్రము పట్టికలో నక్కరలేదు.

రచయిత అర్హతను చెప్పవలసిన తావులును కలవు. ఒక రోగమును గూర్చిన మాట వైద్యుడు చెప్పెనా, పాత్రికేయుడు చెప్పెనా యన్నది చదువరికి తెలియవలెను. అట్టిచో వ్యాసము నడుమ ఒక్క వాక్యమున ఆ సంగతి తెలుపవచ్చును. 'గారు' అనునదియు అచ్చటనే శోభించును. ఆ వైద్యుడే శాసనముల కాలమును నిర్ణయింపబూనినప్పుడు మాత్రము ఆయన పట్టము సాక్ష్యము కాజాలదు.

ఉపాధ్యాయులు ఈ వివేకమును తరగతిలోనే అలవరుపవలెను. 'ఎవరు చెప్పిరి?' అని యడిగి యూరకుండు విద్యార్థి పెద్దపేరు చూడగనే తలయూపును. 'ఏ ఆధారముతో చెప్పిరి?' అని యడుగువాడు పుట త్రిప్పి చూచును. తమ గ్రంథమును అట్లు పుట త్రిప్పి చూచు పాఠకునికన్న ఏ పండితుడైనను కోరదగిన మర్యాద వేరొకటి లేదు.